మన్యపు దారులు – ప్రమాదములు – న్యాయము

ప్రమాదము చెప్పి రాదని పెద్దలందురు. ఆ మాట మైదానములకు కొంతవరకు చెల్లునేమో గాని, తూర్పు కనుమలకు చెల్లదని మా అభిప్రాయము. అనంతగిరి మొదలు అరకు, పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వరకు వ్యాపించిన ఈ మన్యములో ప్రమాదము ఋతువుల ననుసరించి వచ్చును. ఏ మాసమున ఏ తీరున వచ్చునో అచటి వృద్ధులు ముందుగనే చెప్పగలరు. చెప్పి వచ్చెడి దానికి సిద్ధపడకుండుట ఒక లోపము. వచ్చిన పిదప చట్టము చూపిన దారిని నడువకుండుట రెండవ లోపము. మొదటి దానిని గూర్చి ప్రభుత్వశాఖలును, పత్రికలును తరచుగా మాటలాడుచుండును. రెండవ దానిని గూర్చి మాటలాడువారు అరుదు. అందుచే ఈ వ్యాసమున దానినే విచారింపదలచితిమి.

ఋతువుల వెంట వచ్చు ఆపదలు

తొలకరి వానలతో కొండగెడ్డలు పొంగును. వంతెనలు లేని గూడెములవారు ఆ గెడ్డలను దాటియే సంతకును, ఆసుపత్రికిని పోవలెను. దుక్కి దున్నువానిపైనను, పశువులను కాచువానిపైనను పిడుగు పడును. నానిన మట్టి కొండచరియయై జారి ఇండ్లను కప్పివేయును. గాలివానకు విద్యుత్తీగలు తెగి దారిలో పడియుండును. 2014 అక్టోబరు 12న విశాఖ తీరమును దాటిన హుద్‌హుద్ తుఫాను, అరకు ప్రాంతమున కాఫీతోటలను, వాటికి నీడనిచ్చు సిల్వర్ ఓక్ చెట్లను నేలగూల్చిన సంగతి పలువు రెరిగినదే.

వానలు వెనుకబట్టగనే కాఫీపండ్ల కోత మొదలగును. నవంబరు నుండి జనవరి వరకు ఆబాలవృద్ధులు తోటలలోనే యుందురు. సరిగా అదే కాలమున పొగమంచును, బొర్రా గుహలను, పసుపుపచ్చని వలిసెపూల చేలను చూడగోరి యాత్రికులు వేలకొలదిగా వచ్చెదరు. ఘాటురోడ్డు బస్సులతోను, జీపులతోను, మోటారుసైకిళ్లతోను నిండిపోవును. ఉదయపు మంచులో పది గజముల దూరమున నున్న వాహనము కానరాదు. ఇక ఫిబ్రవరి, మార్చి మాసములలో మిరియముల కోత వచ్చును. సిల్వర్ ఓక్ చెట్లపై ప్రాకిన తీగలనుండి గుత్తులు కోయుటకు నిచ్చెన లెక్కవలెను. నిచ్చెన జారినచో నడుము విరుగును. ఆ పిదప చింతపండు, మామిడి. అవియును చెట్టెక్కు పనులే.

ఈ కొండలలో ఇటీవల జరిగిన ఘోరములను కొన్నింటిని స్మరింపుడు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదలో నుండగా, పాపికొండలకు యాత్రికులతో పోవుచున్న బోటు దేవీపట్నము మండలములోని కచ్చులూరు కడ మునిగినది. తీరవాసులైన గిరిజనులు తమ పడవలలో ఎదురేగి 26 మందిని ఒడ్డునకు చేర్చిరి. ఆ మరుసటి నెలలోనే మారేడుమిల్లి – చింతూరు ఘాటులో కర్ణాటక యాత్రికుల బస్సు లోయలో పడగా 8 మంది మరణించిరి. 2021 ఫిబ్రవరి 12న అరకు చూచి తిరిగివచ్చుచున్న హైదరాబాదు యాత్రికుల బస్సు అనంతగిరి మండలములోని డముకు సమీపమున లోయలోనికి జారినది. నలుగురు అసువులు బాసిరి. ఇరువది మందికి పైగా గాయపడిరి.

ఇవి పత్రికల మొదటి పుటల కెక్కినవి. సంతకు పోవు జీపు బోల్తాపడి కాలు విరిగిన కూలివాని కథ, మిరియపు నిచ్చెనపైనుండి పడిన తల్లి కథ ఏ పుటకును ఎక్కదు. మా ప్రధాన విచారము వారిని గూర్చియే.

దయ వేరు, హక్కు వేరు

పెద్ద ప్రమాదము జరిగినంతనే ప్రభుత్వము కొంత ధనము ప్రకటించును. దీనినే ఎక్స్‌గ్రేషియా అందురు. అనగా దయతో నిచ్చునది. అది స్వాగతింపదగినదే. కాని దానితో వ్యవహారము ముగిసినదని బాధితుడు తలపోయుట పొరపాటు. దయగా వచ్చినది పుచ్చుకొన్నంత మాత్రమున, తప్పు చేసినవానినుండి హక్కుగా రాబట్టవలసినది రద్దు కాదు.

వరదలు, తుఫానులు, కొండచరియలు మున్నగు ప్రకృతి వైపరీత్యములలో తప్పు చేసినవాడు కానరాడు గనుక, అచట విపత్తు సహాయనిధియే ఆధారము. 2022–26 కాలమునకు కేంద్రము నిర్ణయించిన నియమావళి ప్రకారము మరణమునకు 4 లక్షల రూపాయలు, 60 శాతమునకు మించిన అంగవైకల్యమునకు 2.5 లక్షలు, 40 నుండి 60 శాతము వైకల్యమునకు 74,000, తీవ్రగాయముతో వారమునకు మించి ఆసుపత్రిలో నున్నచో 16,000 రూపాయలు ఏర్పరుపబడినవి. పిడుగుపాటు మృతుల కుటుంబములకును మన రాష్ట్రములో సహాయము లభించుచున్నది. అయితే మరణకారణమును తెలుపు పోస్టుమార్టము నివేదిక, తహశీల్దారు విచారణ లేనిచో ఇదియు చేతికి రాదు. పిడుగు పడిన నాడే శవమును దహనముచేసి, నెల గడచిన పిమ్మట కచేరీకి పోయినవానికి సమాధానము చెప్పువా రుండరు.

రోడ్డు ప్రమాదములు

వాహన ప్రమాదములకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము ఆధారము. 2019లో దానిని సవరించిరి. పరిహారమునకు సంబంధించిన సవరణలు 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఇందు మూడు మార్గములు కలవు.

మొదటిది, తప్పెవరిదని విచారింపకయే లభించు పరిహారము. మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు 2.5 లక్షలు వాహనయజమాని గాని బీమా సంస్థ గాని చెల్లించవలెను. రెండవది, డ్రైవరు నిర్లక్ష్యమును రుజువుపరచి, మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో పూర్తి పరిహారమును కోరుట. మూడవది, గ్రుద్ది పారిపోయిన వాహనము జాడ తెలియనప్పుడు రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టుకొనుట. దీని క్రింద మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు వచ్చును.

ఇచట ఒక హెచ్చరిక యవసరము. మొదటి మార్గములోని స్థిరమైన మొత్తమును అంగీకరించి పుచ్చుకొన్నచో ట్రిబ్యునలులోని దావా అంతటితో రద్దగును. బీమా ప్రతినిధి కాగితము తెచ్చి వ్రేలిముద్ర వేయుమన్నప్పుడు ఈ సంగతి ఎరుగనివాడు ఎంత కోల్పోవునో ఒక లెక్క వేసి చూతము.

ముప్పది యేండ్ల కూలివాడు మరణించెననుకొనుడు. నెలకు 10,000 రూపాయల సంపాదన. భార్య, ఇద్దరు బిడ్డలు, తల్లి అతనిపై ఆధారపడియున్నారు. 2009, 2017 సంవత్సరములలో సుప్రీంకోర్టు స్థిరపరచిన పద్ధతి ప్రకారము, భవిష్యత్తులో పెరుగదగిన ఆదాయముక్రింద 40 శాతము కలుపగా 14,000 అగును. అతని స్వంత ఖర్చునకు నాల్గవవంతు తీసివేయగా 10,500 మిగులును. సంవత్సరమునకు 1,26,000. ఆ వయస్సునకు గుణకము 17. మొత్తము 21,42,000 రూపాయలు. అంత్యక్రియలు మున్నగువాటి క్రింద వచ్చునది దీనికి అదనము. డ్రైవరు నిర్లక్ష్యము రుజువైనప్పుడు చట్టము ఈ తీరున లెక్కించును. జీతపు చీటీ లేనివానికి కనీస వేతనమును బట్టియైనను ఆదాయము నిర్ణయించెదరు. ఇంటిపనిచేయు స్త్రీ శ్రమకును విలువ కట్టవలెనని న్యాయస్థానములు పలుమారులు చెప్పియున్నవి. ఇంతటి హక్కును కొన్ని వేల రూపాయలకు చెట్టుక్రింద వదలుకొనుట ధర్మమా యని మేము ప్రశ్నించుచున్నాము.

మన్యములో మరియొక చిక్కు కలదు. సంతకు పోవువారు తరచుగా సరకుల బండి నెక్కెదరు. సరకుల వాహనములో ఊరక ఎక్కిన ప్రయాణికునికి బీమా సంస్థ బాధ్యురాలు కాదని సుప్రీంకోర్టు తీర్పులు కలవు. అయితే 1994 నాటి సవరణ ప్రకారము, ఆ బండిలో తన సరకు వేసికొని దానితోపాటు పోవువానికి బీమా వర్తించును. కాబట్టి మిరియముల బస్తాతో పోయిన రైతు 'ఊరక ఎక్కినవాడు' కాడు. బస్తా సంగతి మొదటి ఫిర్యాదులోనే వ్రాయించవలెను. అతడు సరకుపై గాక డ్రైవరు ప్రక్కన కేబినులో కూర్చుండవలెనని ఆంధ్రప్రదేశ్ నుండి పోయిన కేసులో 2007లో సుప్రీంకోర్టు చెప్పినది. బస్తాలపై కూర్చుండి పోవుట ప్రాణమునకే గాక పరిహారమునకును ముప్పే యని సంతదారిలో ప్రతివానికిని తెలియవలెను.

పరిమితికి మించి జనమును ఎక్కించినచో అందరి హక్కును పోవునా? పోదు. హిమాచల ప్రదేశ్‌లో 42 మందికి అనుమతిగల బస్సు సుమారు 90 మందితో లోయలో పడిన కేసులో, 2007లోనే సుప్రీంకోర్టు ఒక మార్గము చూపినది. అనుమతింపబడిన సంఖ్య మేరకు అధిక మొత్తములను బీమా సంస్థ జమకట్టవలెను. ఆ సొమ్మును బాధితులందరు దామాషాగా పంచుకొని, తక్కినది యజమాని నుండి రాబట్టుకొనవలెను. కొండదారి జీపులకును ఇదియే సూత్రము.

చికిత్స విషయమునను చట్టము మౌనముగా లేదు. అత్యవసర చికిత్సను ఏ వైద్యుడును నిరాకరింపరాదని 1989లోనే సుప్రీంకోర్టు శాసించినది. 2025 మే నెలలో ప్రకటితమైన పథకము ప్రకారము, రోడ్డు ప్రమాద బాధితునికి ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయల మేరకు, నిర్ణీత ఆసుపత్రులలో నగదు చెల్లించకయే చికిత్స లభింపవలెను. క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చినవానిని కేసులో చిక్కించుట తగదని చట్టములోనే వ్రాసియున్నారు.

రైలు, తోట, తీగ

కొత్తవలస – కిరండూల్ రైలుమార్గము అరకు ప్రజలకు నిత్యావసరము. రద్దీలో రైలునుండి జారిపడి మరణించిన ప్రయాణికుని కుటుంబమునకు, తప్పెవరిదని చూడకయే, రైల్వే క్లెయిముల ట్రిబ్యునలు ద్వారా 8 లక్షల రూపాయలు లభించును. 2017 జనవరి 1 నుండి ఈ మొత్తము అమలులో నున్నది. దరఖాస్తునకు గడువు ఒక సంవత్సరము. శవము కడ టిక్కెట్టు దొరకనంత మాత్రమున దావా పోదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. అయితే పట్టాలు దాటుచు రైలు క్రింద పడినవానికి ఈ నియమము వర్తింపదు.

తోటపనిలో గాయపడిన కూలికి 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము చిరకాలము రక్షణగా నుండెను. 2025 నవంబరు 21 నుండి దాని స్థానమున 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమలునకు వచ్చినది. మూలసూత్రము మారలేదు: యజమాని తప్పు రుజువు చేయనక్కరలేదు, పనివలన, పనిలో నుండగా గాయమైనదని చూపిన చాలును. పనికి పోవుచు వచ్చుచు దారిలో జరిగిన ప్రమాదమును గూడ ఇప్పుడు కొన్ని షరతులతో చేర్చిరి. దావాకు గడువు రెండేండ్లు. కాని తన స్వంత తోటలో తానే చెట్టునుండి పడిన గిరిజన రైతునకు యజమాని యెవ్వడు? అట్టివానికి బీమా ఒక్కటే శరణ్యము. ఏడాదికి 20 రూపాయలతో బ్యాంకు ఖాతా ద్వారా లభించు ప్రధానమంత్రి సురక్షా బీమా క్రింద ప్రమాద మరణమునకు 2 లక్షలు వచ్చును. కోతకు ముందే ఈ 20 రూపాయలు కట్టించుట పెద్ద పని కాదు.

తెగిపడిన విద్యుత్తీగ తగిలి మరణించినచో గాలివానపై నెపము వేసి తప్పించుకొనుట విద్యుత్సంస్థకు సాధ్యము కాదు. ప్రమాదకరమైన శక్తిని సరఫరా చేయువాడే దాని వలని హానికి బాధ్యుడని 2002లో సుప్రీంకోర్టు తీర్మానించియున్నది.

యాత్రికులకు మరియొక ద్వారము కలదు. టిక్కెట్టు కొని బోటు గాని, బస్సు గాని ఎక్కినవాడు వినియోగదారుడు. సేవలో లోపము వలన హాని కలిగినచో రెండేండ్లలోగా, తాను నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసికొనవచ్చును. వాహన ప్రమాదపు దావాను సైతము బాధితుడు నివసించు చోటనే వేయవచ్చును. హైదరాబాదు యాత్రికుడు డముకులో గాయపడినను హైదరాబాదులోనే న్యాయము కోరవచ్చునన్నమాట. అదే డముకు గిరిజనుడు గాయపడినచో ఏమగును? ఇచటనే అసలు చిక్కు మొదలగును.

దారి ఎచట తెగుచున్నది?

చట్టములు లేకపోలేదు. పైన చెప్పినవన్నియు గిరిజనునకును వర్తించును. పైపెచ్చు, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము షెడ్యూల్డు తెగలవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, వకీలును, కోర్టు ఖర్చులను ఉచితముగా నొసగుచున్నది. 15100 అను నంబరుకు ఫోను చేసినను సలహా లభించును. అయినను మన్యమునుండి వచ్చు దావాలు ఏల మధ్యలో తెగిపోవుచున్నవి? మాకు తోచిన కారణములు మూడు.

మొదటిది గడువు. 2019 సవరణ ప్రకారము వాహన ప్రమాదపు దావాను ఆరు నెలలలోగా వేయవలెను. ఆ గడువు చెల్లుబాటును గూర్చి సుప్రీంకోర్టులో వాదములు నడచినవి. అవి ఎట్లున్నను ఆరు నెలలలోపుననే దావా వేయుట క్షేమకరము. ఇప్పుడు మన్యపు పంచాంగమును దీని ప్రక్కన నుంచి చూడుడు. యాత్రికుల కాలమైన నవంబరులో ఒకడు గాయపడెను. అప్పుడు కాఫీకోత, ఇంటిల్లిపాదికి ఏడాది తిండి అందులోనే యున్నది. జనవరి గడువగనే మిరియములు, ఆపైన చింతపండు. ఇంటిలో ఒకడు మంచము పట్టియుండగా తక్కినవారు ఆ కోతలను విడిచి, అరకునుండి సుమారు 115 కిలోమీటర్ల దూరముననున్న విశాఖపట్టణమునకు పలుమారులు పోగలరా? పని తీరి తీరిక చిక్కునది వేసవిలో. మే నెలలో ఆరు నెలలు ముగిసిపోవును. మన్యమునకు తీరిక దొరకునప్పటికి చట్టమునకు ఓపిక తీరిపోవుచున్నది. దీనిని సోమరితనమనుట అన్యాయము.

రెండవది కాగితము. న్యాయస్థానము కన్నీటిని చూడదు; కాగితమును చూచును. మొదటి వారములో పుట్టవలసిన కాగితములు అయిదు: పోలీసు స్టేషనులోని ప్రథమ సమాచార నివేదిక, వైద్యుడు వ్రాసిన గాయముల సర్టిఫికెట్టు లేదా పోస్టుమార్టము నివేదిక, వాహనము నంబరు – బీమా వివరములు, చికిత్సకైన ఖర్చుల రసీదులు, చూచిన సాక్షుల పేర్లు. 2024 జూలై 1 నుండి అమలులో నున్న నాగరిక సురక్షా సంహిత ప్రకారము, ప్రమాదము తమ పరిధిలోనిది కాదను నెపముతో ఏ స్టేషనువారును ఫిర్యాదును త్రోసిపుచ్చరాదు. దాని నకలును ఉచితముగా ఈయవలెను. నిరాకరించినచో జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు టపాలో పంపవచ్చును. పోలీసులు మూడు నెలలలోగా ప్రమాదనివేదికను ట్రిబ్యునలుకు పంపవలెను. ఆ నివేదికనే దావాగా స్వీకరించుటకు చట్టము వీలు కల్పించినది. ఈ ఒక్క నియమము సక్రమముగా అమలు జరిగినచో పైన చెప్పిన గడువు చిక్కు చాలవరకు తీరిపోవును. కాని గాయపడినవానిని డోలీలో మోసికొని, రక్తము కట్టి, నాటువైద్యునితో సరిపెట్టుకొన్న చోట ఏ కాగితమును పుట్టదు. పుట్టని కాగితమును ఆరు నెలల పిదప ఏ వకీలును పుట్టింపలేడు.

మూడవది భాష. ఈ విషయమున మన కళాశాలవారికి ఒక విశేషము మనవి చేయుదుము. ఫిర్యాదు, అర్జీ, వకీలు, దావా, జామీను, దస్తావేజు, రసీదు, రాజీ – ఈ మాటలన్నియు పారసీ, అరబ్బీ భాషలలో పుట్టి, ఉర్దూ ద్వారా తెలుగు కచేరీలలో స్థిరపడినవి. ఉర్దూ చదువుకొన్న విద్యార్థికిని, తెలుగు చదువుకొన్న విద్యార్థికిని ఇవి ఇంటి మాటలే. కాని అరకు పరిసరములలో పలువురు గిరిజనులు ఇంట మాటలాడునది ఆదివాసీ ఒరియా, కువి మున్నగు భాషలు. వారికి కచేరీ తెలుగు ఒక పరభాష. కోర్టు ఇంగ్లీషు మరియొక పరభాష. తన గాయము కథను తన నోట చెప్పి వ్రాయించుకొనలేనివాడు, ఇతరులు వ్రాసినదానిపై వ్రేలిముద్ర వేసి వచ్చును. ఆ వ్రాతలో మిరియపు బస్తా సంగతి యున్నదో లేదో ఎవరికి తెలియును?

చరిత్రలో ఒక మాట. 1922–24 మన్యపు పితూరీకి గల కారణములలో ఘాటురోడ్డు పనిలో గిరిజనులకు న్యాయమైన కూలి ఈయకుండుట యొకటి. గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ పేరు ఈ సందర్భముననే అపకీర్తి పాలైనది. శతాబ్దము గడచినది. 2022 ఏప్రిల్ 4న ఆ పితూరీ నాయకుని పేర పాడేరు కేంద్రముగా జిల్లాయే ఏర్పడినది. రోడ్డు వేసినవాని కూలి నాడు లెక్కకు రాకపోయెను. ఆ రోడ్డుపై విరిగిన కాలు నేడును లెక్కకు రాకుండుట తగునా?

రాజీ చెడ్డదా?

కొందరు పెద్దలు మాతో వాదింతురు. 'కోర్టుకు పోయినచో ఏండ్లు పట్టును. ఊరి పెద్దలు కూర్చుండి పది రోజులలో కొంత ఇప్పింతురు. అన్నము లేనివానికి ఏండ్ల తరువాతి లక్షలకంటె నేటి వేలు మిన్న. ఊరిలో వైరము కూడ పెరుగదు' అని. ఈ వాదములో నిజము లేకపోలేదు. ఆలస్యమును మేము సమర్థింపము. ఊరి సామరస్యమును తృణీకరింపము.

కాని రాజీ రెండు విధములు. తన హక్కు విలువ ఎంతయో ఎరిగినవాడు చేసికొన్నది ఒక విధము. ఎరుగనివానిచేత చేయించునది మరియొక విధము. మొదటిది ఒప్పందము, రెండవది లొంగుబాటు. సామరస్యముగా, శీఘ్రముగా ముగింపదలచినవారికి చట్టమే లోక్ అదాలతును ఏర్పరచినది. అచట కోర్టు రుసుము లేదు. ముందు కట్టినదియు తిరిగి ఇత్తురు. అచట కుదిరిన రాజీ డిక్రీతో సమానము; బీమా సంస్థ మాట తప్పుటకు వీలులేదు. దానిపై అప్పీలు లేదు గనుక, సంతకమునకు ముందు చదివించుకొని, అర్థము చేసికొనుట మాత్రము అవసరము. నిర్లక్ష్యమువలన మరణము సంభవించిన క్రిమినలు కేసును ఊరిలోని రాజీతో మాపుటకు చట్టము అనుమతింపదని కూడ గుర్తుంచుకొనవలెను. కావున రాజీ వలదని మేము చెప్పుట లేదు. చెట్టుక్రింది రాజీని లోక్ అదాలతు బల్లమీదికి తెమ్మని చెప్పుచున్నాము.

మన కర్తవ్యము

కళాశాల యాజమాన్య సంఘమునకు మా మనవి. విహారయాత్రకు అరకు వంటి ఘాటుదారులకు విద్యార్థులను పంపునప్పుడు బస్సు పర్మిట్టు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, బీమా పత్రము – ఈ మూడింటి నకళ్లను కార్యాలయమున నుంచుకొనవలెను. అనుమతించిన సంఖ్యకు మించి ఒక్కరినైనను ఎక్కింపరాదు. ఘాటు నెక్కుటయు, దిగుటయు పగటివేళనే జరుగవలెను. ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు, శ్రద్ధతో కూడినవి.

రెండవ మనవి. న్యాయసేవాధికార సంస్థలు సామాన్యులకు శిక్షణ నిచ్చి పారాలీగల్ వాలంటీర్లుగా నియమించుచున్నవి. మన విద్యార్థులకు అట్టి శిక్షణ నిప్పింపవలసినదిగా సంఘమువారు లేఖ వ్రాయవలెను. సేవాశిబిరము కొండ గ్రామములలో జరిగినప్పుడు, చెట్లు నాటుటతోపాటు ఒక అర్జీల బల్లను గూడ ఏర్పరుపవచ్చును. అయిదు కాగితముల పేర్లు, మూడు గడువులు, 15100 అను నంబరు – ఇంతే గల ఒక కరపత్రమును తెలుగులోను, ఉర్దూలోను, స్థానికుల సాయముతో తెలుగు లిపిలో ఆదివాసీ ఒరియాలోను అచ్చొత్తించి సంతలలో పంచవచ్చును.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. మనము దళారులము కారాదు. ఫలానా వకీలు కడకు పొమ్మని చెప్పి వాటా పుచ్చుకొనువారు కోర్టు ఆవరణలలో ఉన్నారు. ఆ జాబితాలో చేరవలదు. మన పని వ్రాసిపెట్టుట, చదివి వినిపించుట, గడువు తేదీని గోడపై బొగ్గుతోనైనను గుర్తుపెట్టుట. వాదించువారు వాదింతురు.

మనము శీతకాలమున ఆ కొండలకు పోయి, అచటి కాఫీ త్రాగి, అచటి పూలచేలలో ఫోటోలు దిగి వత్తుము. వరదగోదావరిలో ఎన్నడు నెరుగని యాత్రికుల కొరకు తమ పడవలను తిప్పినవారు ఆ మన్యపు ప్రజలే. వారు తమకు చేతనైనది చేసిరి. మనకు చేతనైనది నాలుగు పంక్తుల అర్జీని సకాలమున, సరియైన మాటలతో వ్రాయుట. అదియే చదువుకొన్నవాని పడవ. దానిని ఒడ్డున కట్టివేసి యుంచుట చదువునకు శోభ కాదని మా దృఢ విశ్వాసము.